మధ్యాహ్నం మాయమయ్యే బొమ్మలు

అందరూ భోజనాలకు లేచి వెళ్లి వచ్చేసరికి, వార్తల వెబ్‌సైట్ మొదటి పేజీలో మళ్ళీ దొంగ పడ్డాడు.

పోయింది ఒక అమ్మాయి బొమ్మ. మండే ఎండల వార్త పక్కన తడిసిన చొక్కాతో నిలబడి పొద్దుటినుంచి పాఠకులను చూసి నవ్వుతున్న అమ్మాయి. ఆమె ఉండాల్సిన చోట నిగనిగలాడుతూ ఒక వంకాయ ఉంది. ఆ కింద, గుండె జబ్బుల వార్తలో చొక్కా విప్పేసిన కండల వీరుడు పోయి ఇనుప వంతెన వచ్చింది. కాసేపటికి, ఏమీ ఎరగనట్టు ఎవరి చోటికి వాళ్ళు తిరిగొచ్చేశారు. కొద్దిరోజులుగా ఇదే వరస.

యజమానురాలు మేడ దిగి వచ్చి అందరినీ నిలబెట్టింది. "ఎండలకీ వంకాయకీ ఏమిటండీ సంబంధం?"

"తడి చొక్కాకి మాత్రం ఏం సంబంధం ఉందని?" అంది మూలనుంచి ఒక గొంతు.

అన్ని తలలూ అటు తిరిగాయి. ఆ గొంతు ప్రూఫులు దిద్దే ఆవిడది. ఆఫీసంతా ఆమెను అక్షరాలక్క అంటుంది. ఒత్తు తప్పినా ఊరుకోదు, హద్దు తప్పినా ఊరుకోదు. నోరు జారాక నాలుక కరుచుకుని ఏం లాభం? దొంగ దొరికినట్టే చూశారందరూ.

ఎడిటరు ఆమెను తన గదికి పిలిచాడు. మెత్తటి మనిషి. పక్కవాడి కాలు తొక్కితే తనే కుంటే రకం. మొదటి పేజీ బొమ్మలన్నీ ఆయన ఏరి పెట్టేవే.

"అక్కా, ఈ బొమ్మల మీద మీకు ముందునుంచీ కోపమే కదా."

"కోపమే. ఇంటిల్లిపాదీ చూసే సైట్ అండీ ఇది. మోకాళ్ళ నొప్పుల వార్త తెరిస్తే మోకాళ్ళు తప్ప అన్నీ కనబడుతున్నాయి. చిన్నపిల్లలు పక్కన కూర్చుంటే ఎట్లా చదవడం?"

"నచ్చనివాళ్ళు కిందికి జరుపుకుంటారు. బొమ్మ చూసి ఎవరైనా చెడిపోతారా చెప్పండి?" అని, ఆయన కళ్ళు దించుకున్నాడు. "మేడమ్ మీ మీదే అనుమానపడుతున్నారు. ఈ వారంలోగా దొంగ దొరక్కపోతే మిమ్మల్ని మానిపించమన్నారు. నా చేతుల్లో ఏమీ లేదు."

అక్షరాలక్క విసురుగా గదిలోంచి బయటికి వచ్చింది. పెళ్ళికి ముందునుంచీ చేస్తున్న ఉద్యోగం. చెయ్యని తప్పుకు తలవంచుకుని ఇంటికెలా పోతుంది? పైగా దొంగ చేసిన పని తనకు నచ్చింది కూడానాయె. ఆ మాట పైకి అనడానికి లేదు.

మర్నాడు భోజనాల వేళ అందరితో పాటు డబ్బా పట్టుకుని బయలుదేరింది. మెట్ల దాకా వెళ్ళి, చెయ్యి కడుక్కోవాలన్న వంకతో వెనక్కి తిరిగి, బొమ్మల గదిలో బీరువా చాటున నక్కింది. పేజీలో బొమ్మ మార్చాలంటే ఆ గదిలోని కంప్యూటరు దగ్గరికే రావాలి. పప్పన్నం వాసన ముక్కుకు తగులుతున్నా డబ్బా మూత తియ్యలేదు.

తలుపు చప్పుడు కాకుండా తెరుచుకుంది. చెప్పులు చేత పట్టుకుని, మునివేళ్ళ మీద ఎవరో వచ్చి కుర్చీలో కూర్చున్నారు. అమ్మాయి పోయింది. వంకాయ వచ్చింది.

"ఈసారి కాస్త లేతది పెట్టండి సార్," అంది అక్షరాలక్క బీరువా వెనకనుంచి.

ఎడిటరు చేతిలోని చెప్పులు జారి కిందపడ్డాయి.

"మీరా! బొమ్మలు పెట్టేదీ మీరే, తీసేదీ మీరేనా?"

ఆయన ముఖం కందగడ్డయింది. "మా అత్తగారు ఊరినుంచి వచ్చారక్కా. అన్నం తిన్నాక ఫోను పట్టుకుని మన సైటే చూస్తారు. పొద్దున పూజలూ పనులూ, సాయంత్రమైతే మేమందరం ఇంట్లోనే ఉంటాం, ఫోను ముట్టరు. ఈ ఒక్క గంటే భయం. ఇవి నేను ఏరి పెడతానని తెలిస్తే ఆవిడ ముందు తలెత్తుకోగలనా?"

"మరి మిగతావాళ్ళ అత్తగార్ల మాటేమిటి సార్?"

ఆయన వంగి కిందపడ్డ చెప్పులు ఏరుకున్నాడు, తొడుక్కోవడం మరిచిపోయాడు. నిన్న తన ముందు ఈయన దించుకున్న కళ్ళు అక్షరాలక్కకు గుర్తొచ్చాయి. చివాట్లు పెట్టాలనుకున్నది, జాలిపడి ఊరుకుంది.

"మేడమ్‌తో నిజం మీరు చెబుతారా, నన్ను చెప్పమంటారా?"

ఆయనే చెప్పాడు. యజమానురాలు ముందు మండిపడింది. తర్వాత పకపకా నవ్వింది. ఆవిడకూ ఒక అత్తగారుంది మరి. ఆ రోజునుంచి ఎండల వార్తకు ఎండిన చెరువు, గుండె వార్తకు డాక్టరు. చదివేవాళ్ళేమీ తగ్గలేదు. ఆఫీసులో అక్షరాలక్క తల ఎత్తుకుని తిరిగింది. ఎడిటరు కూడా గుండెల మీద కుంపటి దించుకున్నట్టు హాయిగా భోజనానికి లేవసాగాడు.

ఒకనాడు మధ్యాహ్నం, ఆయన అలా వెళ్ళిన కాసేపటికే పాఠకుల కోసం పెట్టిన ఫోను మోగింది. అక్షరాలక్క ఎత్తింది. అవతల ఎవరో పెద్దావిడ. గొంతు తగ్గించి మాట్లాడుతోంది.

"అమ్మాయ్, మీ సైట్‌లో ఆ కండల అబ్బాయి ఏమయ్యాడమ్మా? మా ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ రోజూ కళ్ళారా చూసేదాన్ని. కూతురింటికి వచ్చాక నాకు వీలు దొరికేదే ఈ మధ్యాహ్నం పూట. సరిగ్గా అప్పుడే వంతెన పెట్టేవాళ్ళు, ఇప్పుడేమో డాక్టర్ని కూర్చోబెట్టారు!"

అక్షరాలక్క నవ్వు ఆపుకుంది. "మీ ఫిర్యాదు మా ఎడిటరుగారికి చెప్తానండీ."

"అయ్యో, వద్దు తల్లీ, ఆయన మా అల్లుడే! అలాంటి బొమ్మలు కన్నెత్తి చూసే మనిషి కాదు, పాపం!"