అనసూర్య అడిగిన అర్ర

"ఇక్కడ గోడ లేవదు రాయమల్లూ," అంటూ కంపెనీ సర్వేయరు కొలతకు పాతిన కర్రను బూటుకాలితో తోసేశాడు.

రాయమల్లు పడిన కర్రను మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు. కంపెనీ సరేనంటేనే ఇల్లు పెంచుకోవడానికి అనుమతి ఇస్తామన్నారు పంచాయతీవాళ్లు. ఆ ఒక్క మాట కోసం ఆఫీసు చుట్టూ కాళ్లరిగేలా తిరిగి, బతిమాలి బామాలి ఈ సర్వేయరును వాకిట్లోకి తెచ్చుకున్నాడు. తీరా వచ్చిన మనిషి నిలబడ్డచోటే తేల్చేశాడు. బొగ్గుబాయి తవ్వుకుంటూ తవ్వుకుంటూ ఊరి కిందికి వచ్చేసిందట. ఉన్న ఇల్లు ఉండొచ్చు గానీ, దాని పక్కన కొత్త బరువు మోపకూడదట.

"ఊరి కిందంటే ఏ జాగల సార్?"

"నువ్వు ఇప్పుడు బొగ్గు తీసే చోటే. సరిగ్గా మీ పొయ్యి కింద," అని సైకిలెక్కి వెళ్లిపోయాడు సర్వేయరు.

బాయిలోకి దిగాక నెత్తిమీద ఏ ఊరుందో, ఏ చేనుందో ఎవరికి తెలుస్తుంది? రాయమల్లు ఒకసారి పొయ్యివంక చూశాడంతే. ఆ సంగతి అతని మనసుకెక్కలేదు. అతని ఫికరంతా ఇంకో అర్ర కావాలన్న భార్య అనసూర్యకు ఏం చెప్పాలా అనే.

పాపం, ఆ గది ఆమె తన సుఖం కోసం అడిగింది కాదు. రాత్రి షిఫ్టు చేసి వచ్చిన మొగుడు ఒంటి అర్ర ఇంట్లో, పొయ్యి పొగకూ పిల్లల గోలకూ కునుకు పట్టక పొర్లుతుంటే ఆమె కడుపు తరుక్కుపోయేది. నిద్రలేని కళ్లతో బాయిలో దిగితే ఏమవుతుందోనని భయం. అసలు అతను దిగిన ప్రతిసారీ భయమే. డ్యూటీ నుంచి వచ్చి గడప తొక్కేదాకా మెతుకు ముట్టదు. పెళ్లయిన నాటినుంచీ అంతే. ఎంత కోప్పడ్డా ఒకటే మాట. "నువ్వు బాయి ఎక్కంది నాకు బువ్వ దిగది."

కొత్త గోడల కోసం వాగుగడ్డ నుంచి ఎర్రమన్ను తట్ట నెత్తిన పెట్టుకుని రానే వచ్చింది అనసూర్య. దాచి చేసేదేముందని రాయమల్లు ఉన్నదంతా చెప్పేశాడు.

ఆమె తట్ట దించింది. కొంగుతో మొహం తుడుచుకుంది.

"పొయ్యి కిందనేనా?"

"సరిగ్గ గాడనేనట."

తెచ్చిన మన్ను తడిపి, పొయ్యినీ దాని ముందున్న నేలనూ నున్నగా అలికి, అంచున ముగ్గు కూడా వేసింది. గోడలకు తెచ్చిన మన్ను పొయ్యి పాలయిందే అని రాయమల్లు లోలోపల కుమిలిపోయాడు. రెండు తిట్లు తిట్టినా బాగుండేది.

మర్నాడు మొదటి షిఫ్టు. పనిలో చేతులాడలేదు. మధ్యాహ్నం సద్దిమూట విప్పినా ముద్ద గొంతు దిగలేదు. సైరన్ కూయగానే పైకొచ్చి, బెదురుతూ ఇంటిదారి పట్టాడు.

రోజూ అయితే ఆమె రెండు పళ్లేలు ముందేసుకుని గడపలో కూర్చుని ఉండేది. ఇవాళ తీరిగ్గా బియ్యం చెరుగుతోంది. అతని పళ్లెం ఒక్కటే బయట ఉంది. ఆమె పళ్లెం కడిగి బోర్లించి ఉంది.

"తిన్నవా?" అన్నాడు, నమ్మలేక.

"ఎప్పుడో తిన్న."

రాయమల్లుకు కళ్లు చెమర్చాయి. ఇన్నేళ్లలో ఎన్నడూ లేనిది, తనను విడిచి తిన్నదంటే ఎంత మనసు విరిగిందో.

"అలగకే అనసూర్యా. ఇంకో ఊర్లనన్న జాగ చూస్త. నీకు అర్ర కట్టిస్త," అన్నాడు.

అనసూర్య చేట పక్కన పెట్టి, అతన్ని వింతగా చూసి నవ్వింది.

"అలుగుడేంది? కింద నువ్వు సద్ది ఇప్పే యాళ్లకు పైన నేను గీ పొయ్యికాడ పళ్లెం వెట్టుకున్న. ఇద్దరం కలిసే తిన్నం గద."