ఫ్యాన్‌లో వెంట్రుకలు

సాయంత్రంలోగా పత్రికకి నేను గీసిన బొమ్మలు పంపాలి. నా లాప్‌టాప్ మాత్రం పొద్దుట్నుంచి పెనంలా కాలిపోయి, దానంతటదే ఆగిపోతోంది.

సెలవని ఇంట్లోనే ఉన్న మా ఆవిడ "ఇటివ్వండి" అని లాక్కుని, స్క్రూలు విప్పి వెనకమూత తీసింది.

ఫ్యాన్ నిండా వెంట్రుకలు, ఉండ కట్టుకుపోయి.

పిల్లి గడప దాటి లోపలికొస్తే తాను గడప దాటి బయటికి పోతానని మా ఆవిడ ఎప్పుడో తేల్చి చెప్పింది. అయినా ఆవిడ ఆఫీసుకి వెళ్లగానే నేను వంటింటి కిటికీ తెరిచి ఒక తెల్లపిల్లిని పిలుస్తుంటాను. అది నేరుగా వచ్చి, వెచ్చగా ఉంటుందని లాప్‌టాప్ మీదే పడుకుంటుంది.

"ఈ తెల్లవెంట్రుకలు ఎవరివండీ?"

"నావే. ఈమధ్య తెగ రాలిపోతున్నాయి."

ఆవిడ నా బట్టతల వంక ఒకసారి చూసింది. "అయ్యో పాపం" అని ఊరుకుంది.

మా ఆవిడ ఊరుకోవడమా! అనుమానం వచ్చి ఆ ఉండని దగ్గరగా చూశాను. సగం తెలుపు, సగం ఎరుపు.

"మరి ఈ ఎర్రవో?"

"నావే" అంది తలెత్తకుండా, ఫ్యాన్ తుడుస్తూ.

ఆవిడ జుట్టు కాటుకలా నలుపు. రోజూ పొద్దున నేను నడకకి వెళ్లిన గంటసేపూ ఇల్లంతా ఆవిడ రాజ్యమేనని అప్పుడు గుర్తొచ్చింది.

ఇంతలో వంటింటి కిటికీ అవతల నుంచి రెండు గొంతులు "మ్యావ్" అన్నాయి.

పరుగెత్తి కిటికీ ముందు తీసింది ఎవరన్నది మా ఇంట్లో ఇప్పటికీ తేలలేదు.