చేపల సాక్ష్యం

“ముందు మీరే పెట్టున్రి కాళ్లు,” అంది బాలమణి.

చంద్రశేఖర్ ప్యాంటు అంచు పట్టుకుని అలాగే నిలబడ్డాడు. ఎదురుగా గాజు తొట్టిలో వేలెడంత చేపలు గుంపులు గుంపులుగా తిరుగుతున్నాయి. కోమటి చెరువు దగ్గర కొత్తగా వెలసిన దుకాణం అది. కాళ్లు నీళ్లలో పెడితే చేపలే వచ్చి ఎండిన తోలంతా గిల్లి తినేస్తాయట. మడిమలు పగిలి నడవలేకపోతున్నానని బాలమణే మొగుణ్ణి వెంటబెట్టుకుని వచ్చింది. అంతవరకు బాగానే ఉంది. దుకాణం నడిపే నరేశ్ నోరు ఊరుకోకపోవడంతోనే వచ్చింది చిక్కంతా.

“ఈ పొద్దు పచ్చి చాపలు ముట్టినోళ్లుంటే ముందే జెప్పున్రి పెద్దనాయినా,” అన్నాడు నరేశ్. “నిన్న ఒకాయన చాపల మార్కెట్లకెల్లి సీదా వచ్చి కాళ్లు వెట్టిండు. ఒక్కటి దగ్గరికి రాలే. అన్ని వోయి మూలకు కుప్పవడ్డయి.”

“గట్లెందుకు బిడ్డా?” అంది బాలమణి.

“చాప తోలు తెగితె ఒక వాసనొస్తది పెద్దమ్మా. మనకు తెల్వది, వాటికి తెలుస్తది. ‘గీడ మనోన్ని ఎవడో చంపిండు, ఉర్కున్రి’ అన్నట్టు. జరంత ఉన్నా సాలు, పసిగడ్తయి.”

చంద్రశేఖర్ గుండె గుభేలుమంది. స్టెంటు వేసిన గుండె. ఆ గుండె నిమ్మళంగా కొట్టుకోవాలనే బాలమణి ఈ శ్రావణమంతా ఇంట్లో నీసు ముట్టబోమని మల్లన్నకు మొక్కింది. ఈయనేమో, పొద్దున ఆమె గుడికని బయటికి పోగానే, బ్యాంకులో పనుందని ఆమెకు ఫోన్లో అబద్ధమొకటి చెప్పేసి, ముందే అనుకున్నట్టు మధ్యాహ్నం బువ్వ వేళకు దోస్తు రాంచందర్ ఇంట్లో వాలాడు. రాంచందర్ భార్య స్వరాజ్యలక్ష్మి వడ్డిస్తుంటే బొచ్చె చేప పులుసు మారు వేయించుకుని మరీ తిన్నాడు. పోనీ అదేమన్నా అమృతమా అంటే, ఉప్పు లేదు, కారం లేదు, నూనె జాడే లేదు. ఆ చప్పటి పులుసు కోసం తన మంచి కోరి మొక్కిన మనిషిని మోసం చేశాడు. అది చాలదన్నట్టు పులుసు బొట్టొకటి ఎడమ పాదం మీద పడింది. తుడుచుకున్నాడు గాని, కడుక్కున్నాడో లేదో ఎంత గింజుకున్నా గుర్తుకు రావడం లేదు. పచ్చి చేపకు, ఉడికిన చేపకు తేడా ఉందో లేదో అడుగుదామంటే పక్కనే పెళ్లాం.

“నా కాళ్లు మంచిగనే ఉన్నయి. నువ్వు పెట్టు.”

“ఇద్దరికని చెప్పిన. పెట్టున్రి.”

“చక్కరొచ్చినట్టున్నది. కండ్లు తిరుగుతున్నయి.”

“కూసోని పెట్టున్రి, తక్కువైతది.”

చంద్రశేఖర్ లేచి నల్లా దగ్గరికి పోయి ఎడమ కాలు రుద్దుకుని వచ్చాడు. కూర్చున్నాడు. మళ్లీ లేచాడు.

“ఇప్పుడే కడిగిన్రు గద?”

“ఇంకొక్కపారి.”

“పెద్దనాయినా, కొంచెం తోలు చాపలకు కూడ ఇడువున్రి!” అన్నాడు నరేశ్ నవ్వుతూ.

ఇక తప్పలేదు. మల్లన్నను తలచుకుని ముందు కుడి కాలు, తర్వాత ఎడమ కాలు నీళ్లలో దించి కళ్లు మూసుకున్నాడు. ఏదో కితకితలు పెట్టినట్టయింది. కళ్లు తెరిస్తే చేపలన్నీ పాదాల చుట్టూ మూగి ఉన్నాయి. ఎడమ పాదానికే ఇంకా ఎక్కువ. పోయిన ప్రాణం లేచి వచ్చినట్టయి, అవసరానికి మించి గట్టిగా నవ్వాడు.

“ఇగ రా! మస్తు మజా ఉన్నది!”

బాలమణి చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని పాదాలు నీళ్లలో పెట్టింది.

అంతే. మూగిన చేపలు చెల్లాచెదురై ఒకదాని మీదొకటి పడుతూ అవతలి మూలకు పోయి, అడుగున ముద్దలా ఒదిగిపోయాయి. మళ్లీ ఒక్కటి కదల్లేదు.

“పెద్దమ్మా, చాపలు గిట్ల కోసినవా ఏంది?” నరేశ్ నోరెళ్లబెట్టాడు.

చంద్రశేఖర్‌కు ఎక్కడ లేని గొంతు వచ్చింది. “మొక్కింది నువ్వేనాయె! నన్ను కట్టడి జేసి, నువ్వు కత్తిపీట కాలి కింద వెట్టి చాపలు కోసినవా? ఎవలకే?”

బాలమణి తల ఎత్తకుండా మడిమలు చూసుకుంది. “సబ్బు వెట్టి రుద్దిన. పగుళ్లల్లకెల్లి వాసన పోనట్టున్నది.”

“నేనడిగింది ఎవలకని!”

“మీరు బువ్వకు వస్తున్నరని స్వరాజ్యలక్ష్మి అక్క పొద్దుగాలనే ఫోన్ జేసింది. మీరు ఆగరని నాకెరుకే. తప్పయిందంటె దేవుడు వింటడు, మీ గుండె వింటదా?” అని బాలమణి నీళ్లలోంచి కాళ్లు తీసి, కొంగుతో తుడుచుకుంటూ మొగుడి ముఖంలోకి చూసింది.

“పులుసు మరీ చప్పగైందా?”