జాతర మాంసం

“మూత తియ్యకండీ, మీకు దణ్ణం పెడతాను!” అంది హన్నా గొంతు తగ్గించి. వీధిలో పోతయ్య దగ్గు వినిపించేసరికి ఆవిడ పైప్రాణాలు పైనే పోయాయి.

సీమోను మేష్టారు కంచం ముందు కూర్చుని ఉన్నాడు. అవనిగడ్డకి దిగువన, సముద్రం అంచున ఉన్న ఆ పాలెంలో మిషను బడీ ఆయనదే, ఆదివారం ప్రసంగమూ ఆయనదే. పొద్దున అమ్మవారి జాతరలో కోసిన వేటపోతు మాంసం పక్కింటి కొండమ్మ అరిటాకులో చుట్టి పంపింది. క్రిస్మస్ తర్వాత ఆ ఇంట్లో మాంసం వండడం ఇదే మొదలు. మసాలా వాసన వీధి చివరిదాకా పోయింది.

“మాంసం మాంసమే హన్నా. బొమ్మ ముందు కోసినంత మాత్రాన దానికేం అంటుకుంటుంది? మొన్న ఆదివారం చెప్పిందీ అదేగా?”

“మీకూ అంటదు, నాకూ అంటదు. పోతయ్య సంగతేమిటి? బాప్తిస్మం తీసుకుని మూడు నెలలు కాలేదు. నిన్నటిదాకా ఆ అమ్మవారికి వేట కొట్టిన చెయ్యి అది. మేష్టారే తింటున్నారని తెలిస్తే మళ్ళీ గుడికి పోడూ? అతని వెనకాల వచ్చిన మూడు కుటుంబాలూ పోవూ?”

సీమోను చెయ్యి ఆగింది. ఆ భయం ఆయనకీ ఉంది. పోతయ్య ఈ ఏడు అమ్మవారికి కోడిని ఇవ్వలేదు. పొద్దుగూకేలోగా ఇవ్వకపోతే పడవ తిరిగి రాదని పాలెం పాలెమంతా బెదిరిస్తోంది. రేపు తెల్లవారుజామున అతను చేపల వేటకి వెళ్ళాలి. పెళ్ళాం రెండు రోజులుగా అన్నం మానేసి ఏడుస్తోందట.

“తినే స్వేచ్ఛ మీకుంది, కాదనను. మనవాడి కోసం ఒక్క పూట మానుకోలేరా?”

“మేష్టారూ, భోజనం చేస్తన్నారాండీ?” పోతయ్య గుమ్మం దాకా వచ్చేశాడు.

సీమోను భార్యకేసి చూసి తలూపాడు. హన్నా గిన్నెని గుడ్డతో పట్టుకుని పెరటి గుమ్మం దాటింది. కూరంతా కాలవలో కుమ్మరించింది. అంత కూర నీళ్ళపాలవుతుంటే ఏడుపొచ్చింది, కానీ ఒక ఆత్మ నిలబడుతుందన్న ధైర్యం కూడా వచ్చింది.

తిరిగొచ్చేసరికి పోతయ్య లోపలికొచ్చి గోడకి ఆనుకుని కూర్చున్నాడు. కళ్ళు గుంటలు పడ్డాయి. చూపు మాత్రం పొయ్యి మీదే ఉంది.

“మీరు తినండి మేష్టారూ. నేనిక్కడే కూకుంటా.”

“తొందరేం లేదులే. నువ్వు చెప్పు.”

“చెప్పేదేం లేదండీ. మీరు తినండి.”

హన్నా గబగబా అన్నం వడ్డించి మజ్జిగ పోసింది. పోతయ్య ఆ కంచాన్ని చూశాడు, మళ్ళీ ఖాళీ పొయ్యిని చూశాడు. కనిపెట్టేశాడనుకుంది హన్నా. దూరంగా జాతర డప్పులు మోగుతున్నాయి.

“కొండమ్మ మాంసం పంపలేదా అమ్మగారూ?” అన్నాడు పోతయ్య ఉన్నట్టుండి.

హన్నా నోరు తెరిచేలోగా సీమోనే అందుకున్నాడు. ఎంతో ప్రేమగా, బెదిరిన గేదెని నిమిరినట్టు, పోతయ్య భుజం మీద చెయ్యి వేశాడు.

“పంపింది పోతయ్యా. నువ్వేం కంగారుపడకు. మేం ఒక్క ముక్క ముడితే ఒట్టు. మొత్తం కాలవలో పారబోశాం.”

ఆ మాటతో అతని మొహం విప్పారుతుందని హన్నా ఎదురుచూసింది. పోతయ్య మాత్రం మెల్లిగా లేచి, తువ్వాలు దులిపి తలకి చుట్టుకున్నాడు. గుమ్మంలో ఆగి, డప్పులు మోగుతున్న వైపు చూస్తూ అన్నాడు.

“అయితే మీకూ అమ్మవారంటే భయమేనన్నమాట.”