ఆఖరి గదిలో పాలపిట్ట

“ఇది చిలక కాదు, స్పెక్ట్రమ్,” అన్నాడు హీరాలాల్, ఆటలో ‘చిలక’ అని రాసి ఉన్న పాత కంప్యూటర్ బొమ్మ మీద వేలు పెట్టి. “రబ్బరు మీటలు చూడు, మూలకు రంగుల చారలు చూడు. మావోడు పేరు మార్చిండు గానీ ముక్కు మార్చలే.”

పక్కన స్టూలు మీద కూర్చున్న కోటేష్ చిన్న నోటుబుక్కులో రాసుకున్నాడు. ఒళ్ళో పెట్టుకున్న సంచి మాత్రం కింద పెట్టలేదు.

పొద్దున బస్సు దిగి, శివకు స్నేహితుణ్ణని చెప్పుకుంటూ వచ్చాడతను. శివ హీరాలాల్‌కు ఒక్కడే కొడుకు. హైదరాబాదులో కంప్యూటర్ ఉద్యోగం చేస్తూ మధిర పత్తిమిల్లు వాళ్ళ పిల్ల జ్యోత్స్నను ఇష్టపడ్డాడు. ఆర్నెల్ల కింద ఇద్దరూ ఎటో వెళ్ళిపోయారు. తాండా పిల్లగాడితో మా పిల్ల పోవడమేమిటని అమ్మాయి తరఫువాళ్ళు, అందరికంటే ఆమె అన్న, అప్పట్నుంచీ కత్తులు నూరుతున్నారు.

“వెళ్ళేముందు శివ ఈ సీడీ నాకిచ్చాడు బాబాయ్. తను తయారుచేసిన ఆట. మూడు గదులు, గదికో కంప్యూటర్. ఆఖరి గది ఎక్కడుందో తెలిస్తే వాళ్ళెక్కడున్నారో తెలిసినట్టే. పిల్ల తరఫువాళ్ళకంటే ముందు మనం చేరుకోవాలి. లేకపోతే బతకనివ్వరు.”

అందుకే ఆట ముందు కూర్చున్నాడు హీరాలాల్. బళ్ళకు కంప్యూటర్లు వచ్చిన కొత్తలో జిల్లా అంతా తిరిగి వాటిని బాగుచేసిన మెకానిక్ అతను. ఇప్పుడు భద్రాచలం రోడ్డు మీద, అడవి మొదలయ్యే మలుపులో చిన్న దుకాణం. మనుషుల మీద నూరు అబద్ధాలు చెబుతాడు గానీ మిషన్ మీద ఒక్కటీ చెప్పడని తల్లాడ దాకా పేరు.

“ఈ స్పెక్ట్రమ్ పాల్వంచల ఒక డాక్టరు ఇంట్ల ఉండె. దాని వెచ్చదనానికి కోడి పోయి దాని మీదనే పొదిగింది. ఎనిమిది పిల్లలు. ఒక్కోటి కూసే ముందు బీప్ అనేది.”

కోటేష్ నవ్వలేదు. “అంత గట్టిగా ఎందుకు బాబాయ్? నాకు వినపడుతోంది.”

“నాకు వినపడొద్దా కొడకా? చెవులు పోయినయ్.”

రెండో గదిలో కంప్యూటర్ పేరు కోకిల. పై వరసలో ఎర్ర మీటలు చూడగానే, “బీబీసీ మైక్రో,” అన్నాడు ముసలాయన. “సర్కారు బళ్ళకు వచ్చింది గిదే. అన్నీ తుక్కు కింద పోయినయ్. దీన్ని ఇడిసిపెట్టు.”

మూడో గది తెరుచుకుంది. అందులో పాలపిట్ట. గోధుమ రంగు డబ్బా, రొట్టెలా ఉబ్బిన వీపు. ఒక మీట ఊడిపోయిన చోట చింతగింజ అంటించి ఉంది. పైన అక్షరాలు వచ్చాయి: ‘జ్యోత్స్నా, నేను రాకపోయినా నువ్వు ఇక్కడే ఉండు.’

హీరాలాల్ కళ్ళద్దాలు తీసి తువ్వాలుతో తుడుచుకున్నాడు. చాలాసేపు తుడుచుకున్నాడు.

“ఇదేంటి బాబాయ్?”

“కమడోర్.”

“ఇలాంటివి ఎన్ని ఉంటాయి?”

“కమడోర్లు మస్తు. చింతగింజ ఉన్నది ఒక్కటే. మీట ఊడితే నేనే అంటించిన.”

కోటేష్ ముందుకు వంగాడు. “ఎక్కడుంది?”

ముసలాయన సీడీ బయటికి తీసి దాని డబ్బాలో పెట్టాడు. డబ్బా మూత మీద పసుపు, కుంకుమ బొట్టు. ఏటా దసరాకు స్క్రూడ్రైవర్ నుంచి సీడీల దాకా అన్నింటికీ అతను బొట్టు పెడతాడు. దసరా వెళ్ళి మూడు వారాలే. దుకాణంలోని మిషన్ల మీద ఇంకా చెరగలేదు.

“వాడు దీన్ని నీకు ఎప్పుడిచ్చిండంటివి?”

“ఆర్నెల్లయింది. అప్పట్నుంచీ నా దగ్గరే ఉంది.”

హీరాలాల్ బొట్టు మీద వేలు పెట్టాడు. కుంకుమ అంటింది, ఈ దసరాకు తను పెట్టిందే. దాన్ని తుడుచుకోలేదు.

కోటేష్ లేచి వెనక గది తలుపు దగ్గరికి నడిచాడు. “లోపలేమున్నాయి?”

“పాత మానిటర్లు. ఒకదాంట్ల నాగుపాము కాపురం పెట్టింది. ఎలుకలను తింటది, అందుకే కిరాయి అడుగుత లేను. చూస్తె చూడు గానీ చెప్పులు తొడుక్కో.”

గడియ మీద కోటేష్ చెయ్యి ఆగింది. లోపల ఏదో కదిలిన చప్పుడు.

“లేచింది,” అన్నాడు హీరాలాల్.

కోటేష్ వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. 

“తిరుమలాయపాలెంల మూతపడ్డ టైపు ఇన్‌స్టిట్యూట్ ఉంది. కమడోర్ గక్కడ. పక్క గదులు కిరాయికిస్తరు. వాళ్ళు గక్కడనే ఉంటరు.”

“నిజమేనా బాబాయ్? నువ్వు కథలు చెబుతావంటారు.”

“మనుషుల మీద చెప్త. మిషన్ మీద చెప్పిన్నని ఎవరన్నా అన్నరా?”

ఆ మాట అతనూ విన్నట్టుంది. నోటుబుక్కులో రాసుకుని, సంచి భుజానికి తగిలించుకున్నాడు.

“పిల్ల కనపడితే ఏం చేస్తవు?”

“ఇంటికి తీసుకెళ్తా.” అని, వెంటనే సర్దుకున్నాడు. “మీ ఇంటికే బాబాయ్.”

“మావోడు కనపడితే నా మాటగ ఒకటి చెప్పు కొడకా. ఆట బాగుందని.”

కోటేష్ తల ఊపాడు. ముసలాయన కళ్ళలోకి మాత్రం చూడలేదు.

కోటేష్ ఖమ్మం బస్సు ఎక్కి, ఆ బస్సు మలుపు దాటి, చప్పుడు కూడా వినపడనంత దూరం పోయేదాకా హీరాలాల్ గుమ్మంలోనే నిలబడ్డాడు. తరవాత షట్టరు పూర్తిగా దించి, వెనక గది గడియ తీశాడు.

లోపల పామూ లేదు, పుట్టా లేదు. బల్ల మీద గోధుమ రంగు డబ్బా, దాని మీటల మధ్య చింతగింజ. దాని ముందు కూలబడి, పొద్దుటి నుంచి మొదటిసారిగా గొంతు తగ్గించి, మానిటర్ల వెనక చీకట్లోకి అన్నాడు.

“బయటికి రా జ్యోత్స్నా, శివను చంపిన మీ అన్న పోయిండు.”