చేపలకు పడని క్రీము

"సన్‌స్క్రీన్ ఇంకా సగం ఉందిగా, మళ్లీ కొత్తదెందుకు?" అన్నాడు భర్త.

"ఆ పాతదాంట్లో మందు ఒంటికి మంచిది కాదట. నీళ్లలో కలిస్తే చేపలకు అసలే పడదట," అంది ఆవిడ.

అలాగని పాతది పారేయడానికి చెయ్యి రాలేదు. కిటికీ అవతల చేపలతొట్టి పక్కన కలుపు తీస్తున్న తోటపనామెను కేకేసింది.

"ఇదిగో, రోజంతా ఎండలో మాడిపోతున్నావు. రాసుకో, చాలా ఖరీదైంది!"

ఆమె ముఖం చాటంతైంది. మట్టిచేతులు దులుపుకుని, ట్యూబు రెండు చేతులా అందుకుంది. నాలుగడుగులు వేసి, ఏదో గుర్తొచ్చినట్టు వెనక్కి తిరిగింది.

"ఇందాక మీ మాటలు చెవిన పడ్డాయమ్మగారూ. మీరేం బెంగపెట్టుకోకండి. ఇది రాసుకున్న చేతులు తొట్టిలో పెట్టన్లెండి."

ఆవిడ తల వాలిపోయింది. ట్యూబు తిరిగి ఇచ్చెయ్యమనడానికి నోరు రాలేదు.