మూడు నల్ల రాళ్లకు ఎదురుగా

గాలపు కర్ర ముసలాయన మోకాలి మీద ఫట్‌మని రెండు ముక్కలయింది.

లిఫ్టు మెకానిక్‌కు కోపం నషాళానికంటింది. పక్కన ఎనిమిదేళ్ల కూతురు లేకపోతే అక్కడికక్కడే రెండు తగిలించేవాడు. ఉంది కాబట్టి కాలరు పట్టుకోవడంతో సరిపెట్టాడు.

మూడు రోజులుగా నడుస్తున్న గొడవ ఇది.

మెకానిక్ ఈ ఊరికి కొత్త. పిల్లకు సెలవులని నాలుగు రోజుల కోసం వచ్చి, బీచి పక్కన గది తీసుకున్నాడు. తన చేత్తో సముద్రపు చేపను పట్టి చూపిస్తానని కూతురికి మాటిచ్చాడు. ఇంతకు ముందిచ్చిన మాటలన్నీ ఎక్కడో ఒకచోట లిఫ్టు ఆగిపోయి నీటిమీది రాతలయ్యాయి.

"ఈసారైనా నిజమేనా నాన్నా?" అని అడిగింది పిల్ల. ఆ 'ఈసారైనా' అతనికి ముల్లులా గుచ్చుకుంది.

అతని సరంజామా తేలికపాటిది. చిటికెన వేలంత కర్ర, వెంట్రుకంత దారం, గోళీ అంత సీసం గుండు. వాటితో దూరం విసరలేం. చేప దగ్గరికి వచ్చే చోటు తెలిస్తేనే పని జరుగుతుంది. ఆ చోటు చూపించే పటం ఒకటి గాలాల కొట్లో దొరికింది. 'మూడు నల్ల రాళ్లకు ఎదురుగా ఉన్న ఇసుక మెట్ట మీదికి నడిచి వెళ్లండి. పోటు మొదలయ్యాక కూడా గంటసేపు నిర్భయంగా నిలబడవచ్చు' అని అందులో ఉంది. లిఫ్టుల పని చేసేవాడికి డ్రాయింగే దేవుడు. కాగితం మీద ఉందంటే ఉన్నట్టే.

మొదటి రోజు మెట్ట ఎక్కగానే ఈ ముసలాయన తగులుకున్నాడు. మోకాళ్ల దాకా మడిచిన ప్యాంటు, చేతిలో గాలం కూడా లేదు. అక్కడ నిలబడొద్దన్నాడు, ఒడ్డుకు రమ్మన్నాడు, వదిలితేనా! మెకానిక్ విసిగిపోయి ఆ పూటకు సర్దుకుని వెళ్లిపోయాడు.

రెండో రోజూ అదే సణుగుడు. పైగా నీళ్లలో అటూ ఇటూ తిరిగి చేపలన్నిటినీ చెదరగొట్టాడు. మెకానిక్ పటం తీసి అతని మొహం ముందు ఆడించాడు.

"ఇది గీసినవాడికంటే నీకెక్కువ తెలుసా?"

ముసలాయన ఆ కాగితం వంక చాలాసేపు చూశాడు.

"గీసినవాడి మాట నమ్మకు బాబూ."

మంచి చోటు తనకొక్కడికే దక్కాలన్న ఏడుపు ఇదని మెకానిక్ తేల్చేశాడు. తను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. తిట్టుకుంటూ ఆ రోజూ గదికి వెళ్లిపోయాడు.

మూడో రోజు పిల్లను వెంటబెట్టుకుని మెట్ట ఎక్కాడు. ముసలాయన పిల్లను చూశాడు. ఈసారి నోరు విప్పలేదు. నేరుగా వచ్చి, కర్ర లాక్కుని, విరిచేశాడు.

ఎర డబ్బాను అక్కడే వదిలేసి, మెకానిక్ అతన్ని కాలరు పట్టి ఒడ్డు మీది కాపలా గదికి ఈడ్చుకొచ్చాడు. వెనక పిల్ల విరిగిన ముక్కలు మోసుకుంటూ నడిచింది. బీచి కాపలాదారు అప్పటికే ఆయనతో వేగలేక ఉన్నాడు. ఈ నెలలో ఇది ఆరో ఫిర్యాదట. పడవల షెడ్డులో పడుకోనిస్తున్న పాపానికి నెత్తికెక్కాడని తిట్టి, మళ్లీ ఇసుక మీద అడుగు పెట్టనని కాగితం రాయించాడు. అప్పుడే వచ్చే బస్సెక్కి చెల్లెలి ఊరికి పొమ్మన్నాడు.

ముసలాయన సంతకం పెట్టాడు. సంచీ భుజాన వేసుకుని గుమ్మం దగ్గర ఆగాడు.

"పోటు తగ్గేదాకా ఈ పాపను ఇక్కడే కూర్చోబెట్టు బాబూ. అంతకంటే నిన్నేమీ అడగను."

"నా కూతుర్ని ఎక్కడ కూర్చోబెట్టాలో నాకు తెలుసు. నువ్వు ముందు కదులు."

బస్సు వెళ్లిపోయింది. అప్పటికీ మెకానిక్ కోపం చల్లారలేదు. ఎర డబ్బా తెచ్చుకుందామని పిల్ల చెయ్యి పట్టుకుని ఒడ్డున నల్ల రాళ్ల దగ్గరికి వెళ్లాడు. పోటు మొదలై అరగంట కూడా కాలేదు.

నీళ్లు మెట్టకు ఎదురుగా సముద్రం వైపు నుంచి రాలేదు, వెనక ఒడ్డు వైపు నుంచి చుట్టుకొచ్చాయి. ఇందాక చీలమండల లోతున దాటిన చోట పెద్ద కాలవ ఉరకలేస్తోంది. ఎర డబ్బా ఎక్కడో దూరంగా తేలుతోంది.

"మనం నిలబడ్డ మెట్ట ఏది నాన్నా?"

మెకానిక్ పిల్లను ఎత్తుకున్నాడు. చాలాసేపు దించలేదు.

తర్వాత ఆ కోపమంతా పటం మీదికి మళ్లింది. గాలాల కొట్టుకు వెళ్లి దాన్ని బల్ల మీద విసిరికొట్టాడు. పక్కనే అవే పటాల కట్ట ఒకటి అమ్మకానికి ఉంది.

"మనుషుల్ని చంపడానికి అమ్ముతున్నావా ఇవి?"

కొట్టతను నొచ్చుకున్నాడు. పోయిన తుపానుకు ఇసుకంతా కదిలిపోయిందని ఒప్పుకున్నాడు. వీటిని తగలెయ్యమని గీసినాయనే వచ్చి బతిమాలితే, ఉన్నవి అమ్ముడుపోయాక కొత్తవి వేద్దామని తనే అన్నాడట.

"మరి కొనేటప్పుడు నాకెందుకు చెప్పలేదు?"

"అక్కడికి వెళ్తే ఆయనే చెప్తాడు కదా అనుకున్నాను సార్. ఈ కట్ట అయిపోయేదాకా తనే ఆ రాళ్ల దగ్గర నిలబడి, వచ్చినవాళ్లని వచ్చినట్టు వెనక్కి పంపుతానన్నాడు. మీరూ చూసే ఉంటారు, మోకాళ్ల దాకా ప్యాంటు మడుచుకుని ఓ ముసలాయన పొద్దస్తమానం అక్కడే ఉంటాడు, ఈ పటం గీసింది ఆయనే."